కడియం కత్తెర, ఇంగ్లండు చెట్లు

మొదటి రోజు, శుక్రవారం

మాది కడియపులంక. మూడెకరాల నర్సరీ. ముప్పై ఎనిమిదేళ్లుగా మొక్కలమ్మి బతుకుతున్నాను. అందులో చివరి పదిహేనేళ్లు బొమ్మ మొక్కల మీద పడ్డాను. ఇనుప చువ్వతో ఏనుగో, బాతో, నెమలో కట్టి, దాని కడుపులో నాలుగైదు ఫైకస్ మొక్కలు నాటి, బయటికి తల పెట్టిన కొమ్మనల్లా కత్తిరించుకుంటూ పోతే రెండు మూడేళ్లకు లారీ ఎక్కించే సరుకు తయారవుతుంది. ఫామ్‌హౌస్‌ల వాళ్లు ఏనుగులు అడుగుతారు. కల్యాణ మండపాల వాళ్లు హంసలు అడుగుతారు. హంస కావాలంటే వేరే ఫ్రేము అక్కర్లేదు. మెడ కాస్త పొడుగు సాగిన బాతును హంసని చెప్పి అమ్మినవాణ్ని నేను.

అందుకే ఇంగ్లండులో సోలిహల్ అనే ఊళ్లో ఉంటున్న మా అబ్బాయి ఫోన్ చేసి, "నాన్నా, ఈసారి నీకు లండన్ చూపించను. మూడొందల ఏళ్ల బొమ్మ చెట్లు చూపిస్తాను" అంటే నమ్మలేదు. చెట్టు మూడొందల ఏళ్లు బతకొచ్చు. బొమ్మ బతకదు. రెండు నెలలు కత్తెర ఆగిందంటే మా ఏనుగు గడ్డివామి అయిపోతుంది.

ఇంటి నుంచి ఇరవై నిమిషాల్లో ప్యాక్‌వుడ్ చేరాం. లాప్‌వర్త్ ఊరి పక్కన ఉన్న పాత కామందుల ఇల్లు. ఇప్పుడు పాత ఇళ్లనూ తోటలనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటోంది. చివరి యజమాని గ్రాహమ్ బేరన్ యాష్. 'బేరన్' అంటే బిరుదనుకునేరు, కాదు. మనవాళ్లు పిల్లాడికి రాజా అని పెట్టుకున్నట్టు, ఉత్త పేరేనట. 1941లో ఇంటినీ తోటనీ ట్రస్ట్‌కు ఇచ్చేశాడు.

ఎర్ర ఇటుక గోడలో తేనెపట్టు బుట్టలు పెట్టుకోవడానికి వరసగా గూళ్లు ఉన్నాయి. మా ఆవిడ వాటిని చూసి, "దీపాలు పెట్టే గూళ్లలా ఉన్నాయండీ" అంది. ఆ గోడ దాటి మెట్లెక్కాక చెట్లు కనబడ్డాయి.

నేను ఏనుగులూ నెమళ్లూ ఉంటాయనుకున్నాను. ఒక్కటీ లేదు. ముసురు పట్టిన రోజున గొంగళి తల మీదుగా కప్పుకుని నిలబడ్డ గొర్రెల కాపర్ల గుంపులా ఉన్నాయి. నల్లటి ఆకుపచ్చ. కింద వెడల్పు, పైకి పోతూ సన్నం. ఏ ఇద్దరి భుజాలూ ఒక్కలా లేవు. కొన్ని పదిహేను మీటర్లు, అంటే మన లెక్కలో యాభై అడుగుల దాకా ఉన్నాయి. మొత్తం వందకు పైనే.

యూ చెట్టు అంటారు వీటిని. ఏసుక్రీస్తు కొండమీద ప్రసంగం ఇక్కడ చెట్లుగా నిలబడిందని చెబుతారు. చివర చిన్న మట్టిదిబ్బ, దాని కొన మీద ఒంటిగా ఒక చెట్టు. ఆయన బోధకుడు. దిబ్బ కింద వరసలో పెద్దవి పన్నెండు, అపొస్తలులు. మధ్యలో మరీ పెద్దవి నాలుగు, సువార్తికులు. ముందు పచ్చిక మీద నిలబడినవన్నీ జనసమూహం. మా ఊళ్లో చర్చికి పోయే ఏ పిల్లాణ్ని తెచ్చి నిలబెట్టినా ఎవరెవరో గడగడా చెప్పేస్తాడు.

కథ బాగానే ఉంది, కానీ అసలు సంగతి వేరు. పెద్ద చెట్లను 1650, 1670 మధ్య జాన్ ఫెదర్‌స్టన్ అనే యజమాని నాటించాడు. జనసమూహం ఉన్నచోట అప్పట్లో పండ్లతోట. ఆ చెట్లు 19వ శతాబ్దంలో వచ్చినవి. అంటే బోధకుడు ప్రసంగం మొదలుపెట్టిన రెండొందల ఏళ్లకు గాని జనం రాలేదన్నమాట. ప్రసంగం కథ కూడా ఆ శతాబ్దం చివర్లో ఇక్కడ పనిచేసే ఒక తోటమాలి నోట విని రాసుకున్నదే. మా అబ్బాయి ఇది చదివి నిరాశపడ్డాడు. నాకు మాత్రం ఆ తోటమాలి మీద ఇష్టం కలిగింది. నిచ్చెన మీద నిలబడి గంటల తరబడి కోసేవాడికి చెట్టు ఏదో ఒకటిలా కనబడకపోతే చెయ్యి సాగదు. నా హంసలూ అలా పుట్టినవే.

మా అదృష్టం కొద్దీ కోత నడుస్తోంది. తొట్టె ఉన్న లిఫ్ట్ యంత్రం మీద ఒకతను పైన, కింద టార్పాలిన్ పరిచి ఇద్దరు. నేను మొదట చెట్టు లోపలికి తల దూర్చి చూశాను. ఫ్రేము లేదు. చువ్వ లేదు, తీగ లేదు, కట్టు లేదు. మొదలూ కొమ్మలే. బయట జానెడు మందాన పచ్చటి చర్మం, లోపల చీకటి.

కింద ఉన్నావిడను మా అబ్బాయి చేత అడిగించాను, ఎన్నాళ్లకోసారి కోస్తారని. ఏడాదికోసారి అంది. తప్పు విన్నాననుకుని మళ్లీ అడగమన్నాను. ఏడాదికి ఒక్కసారే.

ఇంతసేపూ చెట్ల ఎత్తు నన్నేమీ చేయలేదు గాని, ఈ మాటకు మాత్రం కాళ్లు చల్లబడ్డాయి. మా డురాంటాకు వానాకాలంలో పదిహేను రోజులకోసారి కత్తెర పడాలి. ఫైకస్ కొంచెం నయం. ఏడాదికోసారి అంటే, ఒక్క కోతతో ఆకారం పన్నెండు నెలలు నిలబడాలి. అంత నెమ్మదిగా పెరిగే మొక్కను పెంచి అమ్ముకోవాలంటే మా వ్యాపారం నా మనవడి కాలానికి లాభంలో పడుతుంది.

ఇంకో గుణం ఉంది దీనికి. థూజా పెంచినవాళ్లకు తెలుసు, కత్తెర లోతుగా పోయి గోధుమరంగు కొమ్మ బయటపడిందంటే ఆ బొక్క ఇక పూడదు. ఆ మొక్కను గోడ వైపు తిప్పి అమ్ముకోవాల్సిందే. యూ అలా కాదు. ముసలి మొద్దు దాకా కోసినా మొద్దు మీంచే చిగురు వేస్తుంది. సూదాకు చెట్లలో ఇది అరుదు. కాబట్టి తప్పు కోసినవాడికి ఇక్కడ క్షమాపణ ఉంది. ఓ పదేళ్లు ఆగాలి, అంతే.

దీనికి పడనిది నీళ్ల నిలవ. ఇక్కడ నేల బరువైన బంకమట్టి. వేళ్ల దగ్గర తడి ఆరకపోతే వేరుకుళ్లు పట్టి, మూడొందల ఏళ్ల చెట్టు కూడా పసుపుబారిపోతుంది. జనం తొక్కితే మట్టి ఇంకా గట్టిపడుతుంది. మా గోదావరి ఒండ్రు ఒక లారీ తెచ్చి పోయాలనిపించింది.

దిబ్బ పైకి బాక్స్ అనే చిన్నాకు పొద మొక్కల కంచెల మధ్య నత్తగుల్లలా తిరిగే సన్నటి దారి ఉంది. దాన్ని చూడగానే మా ఆవిడ చెప్పులు విప్పబోయింది. "గుడి కాదమ్మా" అని మా వాడు ఆపాడు.

రెండో రోజు, శనివారం

వాన. బయటికి కదల్లేదు. మధ్యాహ్నం కాస్త తెరిపిస్తే కోడలు మొక్కల దుకాణానికి తీసుకెళ్లింది. బంతిలా కత్తిరించిన చిన్న యూ మొక్క ధర చూసి, రూపాయల్లోకి మార్చుకుని, చీటీ వెనక్కి తిప్పి పెట్టేశాను. ఇంతకుముందు ఇలాంటి చిన్న బంతులన్నీ బాక్స్ మొక్కతోనే చేసేవారట. దానికి ఇప్పుడు దేశమంతా బూజు తెగులూ, పైగా ఆకు మొత్తం తినేసే గొంగళిపురుగూ. అందుకని చాలామంది యూ వైపు తిరుగుతున్నారు.

సాయంత్రం పకోడీలు తింటూ ఫోన్‌లో చదువుతుంటే ఒక సంగతి కనబడింది. ఈ చెట్టులో ఎర్రటి పండు కండ తప్ప ఆకు, బెరడు, గింజ అన్నీ విషమే. పశువు మేస్తే నిలబడ్డచోటే పడిపోవచ్చు. అదే చెట్టు ఆకులోంచి తీసిన పదార్థంతో డోసిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు చేయడం మొదలుపెట్టారు. దాని అన్న లాంటి పాక్లిటాక్సెల్ అమెరికా పడమటి తీరంలో పెరిగే యూ బెరడులో దొరికింది. ఇంగ్లండులో కొన్ని తోటల వాళ్లు కోత చెత్తను పారేయకుండా మందుల తయారీకి పోగుచేసి ఇచ్చేవారట.

డోసిటాక్సెల్ అన్న పేరు నాకు ఎక్కడో తగిలినట్టుంటే మా ఆవిడే అంది, "అక్కకు ఎక్కించింది అదే కదండీ." మా వదినగారికి రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు రాజమండ్రిలో మందుల చీటీ పట్టుకుని తిరిగింది నేనే. మూడు వారాలకోసారి సెలైన్‌లో ఎక్కించేవారు. ఆవిడ ఇప్పుడు డెబ్బై ఏళ్లకు మనవరాలి పెళ్లి పనులు చేస్తోంది. మా ఆవిడ ఆ తర్వాత పకోడీ ముట్టుకోలేదు. ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లి వాళ్లక్కకు ఫోన్ చేసింది. చెట్టు సంగతి చెప్పలేదు, ఊళ్లో వానలు ఎలా ఉన్నాయని అడిగింది.

హిమాలయాల్లో దీని చుట్టం ఉంది. ఆయుర్వేదంలో తాలీసపత్రమని చెప్పేది అసలు వేరే చెట్టు ఆకు గాని, కొన్నిచోట్ల ఆ పేరుతో ఈ చుట్టం ఆకునూ అమ్ముతారట. ఇది చదివాక దగ్గు చూర్ణం కొనేటప్పుడు సీసా మీద చీటీ చూడాలని గట్టిగా అనుకున్నాను.

మూడో రోజు, ఆదివారం

ఈ రోజు జరిగిన పొరపాటు మా అబ్బాయిది. గ్లాస్టర్‌షైర్‌లో పెయిన్స్‌విక్ అనే ఊరుంది, అక్కడ సెయింట్ మేరీ చర్చి చుట్టూ యూ చెట్లున్నాయి, సెప్టెంబర్‌లో ఈ ఆదివారం 'క్లిపింగ్' పండగ చేస్తారు అని ఎక్కడో చూశాడు. చెట్లు కత్తిరించడానికి ఊరు ఊరంతా దిగే పండగ కాబోలనుకుని నేనూ ఎగిరి గంతేశాను. కత్తెర పండగ! మా కడియంలో కూడా లేదు.

మధ్యాహ్నానికి చేరాం. కారు పెట్టడానికి చోటు దొరక్క అరగంట తిరిగాం. చర్చి ఆవరణలోకి వెళితే ఒక్క కత్తెర లేదు. పిల్లలు పూలు పెట్టుకుని, ఒకరి చేతులొకరు పట్టుకుని చర్చి చుట్టూ దండలా నిలబడి పాట పాడుతున్నారు. 'క్లిపింగ్' అన్నది పాత ఇంగ్లిష్ మాటట. కౌగిలించుకోవడం అని అర్థం. ఊరు తన చర్చిని ఏడాదికోసారి కౌగిలించుకుంటుందన్నమాట. మా అబ్బాయి నా మొహం వైపు చూడలేదు. నిజానికి నాకేమీ కోపం రాలేదు. బాగుంది. మేం ముగ్గురం వెనకాల నిలబడి చూశాం.

జనం పలచబడ్డాక చెట్ల దగ్గరికి వెళ్లాం. ప్యాక్‌వుడ్ చెట్లు కాపర్లయితే ఇవి తిని కూర్చున్న షావుకార్లు. గుండ్రంగా, నున్నగా, బాటకు రెండు పక్కలా వరసలుగా ఉన్నాయి. కొన్నిచోట్ల రెండు చెట్ల తలలు కలిసి కమాను అయిపోయాయి. 18వ శతాబ్దం చివరి భాగంలో నాటినవి చాలా ఉన్నాయట. మధ్యమధ్య ఉన్నిబట్టల వ్యాపారుల రాతి సమాధులు. చనిపోయాక కూడా వాళ్లు ఎంత కలిగినవాళ్లో సమాధి చెక్కడం చూస్తే తెలిసిపోతుంది.

ఇక్కడ చెట్లు తొంభై తొమ్మిదేనని, నూరోది నాటితే సైతాను బతకనివ్వడని ఊరి నానుడి. నానుడి విన్న తర్వాత లెక్కపెట్టకుండా వచ్చేవాడెవడు? నేను ఎడమ నుంచి మొదలుపెట్టాను, మా ఆవిడ కుడి నుంచి. నాకు తొంభై నాలుగు వచ్చాయి. ఆవిడకు నూట రెండు. కమాను అయిన జంటను నేను ఒకటిగా లెక్కవేశాను, ఆవిడ రెండు మొదళ్లు చూసి రెండన్నది. "కాపురం ఒకటైనంత మాత్రాన మనుషులు ఒకటవుతారా" అని ఆవిడ వాదన. జాగ్రత్తగా లెక్కపెట్టిన వాళ్లెవరికైనా వంద దాటే వస్తాయని మా అబ్బాయి చదివి చెప్పాడు. సైతాను లెక్కల్లో గట్టివాడు కాదన్నమాట.

ఒక మూల కొమ్మకు ఎర్రటి పండ్లున్నాయి. చిన్న గిన్నెలా కండ, మధ్యలో నల్ల గింజ. మా ఆవిడ చెయ్యి చాపబోయి, నిన్నటి మాట గుర్తొచ్చి, ఆకును ఒక్కసారి వేలితో నిమిరి వెనక్కి తీసుకుంది. పండు ఆడ చెట్టుకే వస్తుంది. ఏటా కోసేవాటికి పూత కొసలు పోతాయి కాబట్టి పండ్లు తక్కువే.

నాలుగో రోజు, సోమవారం

ప్రయాణం. ఉత్తరాన కెండల్ దాకా. హైవే మీద ఏదో ప్రమాదం జరిగి రెండు గంటలు కదల్లేదు. చేరేసరికి, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టిన గది ఇంకొకరికి ఇచ్చేశారని చెప్పారు. మా వాడికి టెన్షన్. మా ఆవిడ మాత్రం డబ్బా విప్పి పులిహోర పెట్టింది. రాత్రి తొమ్మిదింటికి ఇంకోచోట దొరికింది. ఆ ఊళ్లో మింట్ కేక్ అని ఒక మిఠాయి అమ్ముతారు. పేరుకే కేకు, నోట్లో వేసుకుంటే పిప్పరమెంటు కలిపిన పటికబెల్లం.

ఐదో రోజు, మంగళవారం

లెవెన్స్ హాల్. ఈ ప్రయాణమంతా దీనికోసమే.

ముందు ఇల్లు చేతులు మారిన కథ చెప్పాలి, ఎందుకంటే మనకు బాగా అలవాటైన కథ. బెల్లింగ్‌హమ్ అనే యజమాని జూదంలో ఆస్తి పోగొట్టుకుంటే, 17వ శతాబ్దం చివర్లో కల్నల్ జేమ్స్ గ్రేమ్ చేతికొచ్చింది. ఆఖరి పందెం ఆటీన్ ఆసు మీద తేలిందని, అందుకే వాననీటి గొట్టాల మీద బంగారు రంగు ఆటీన్ గుర్తులున్నాయని చెబుతారు. నిజమో కాదో గాని గొట్టాల మీద గుర్తులు మాత్రం చూశాను. ధర్మరాజు పాచికలకు ఇలాంటి గుర్తు ఎవరూ వేసినట్టు లేదు.

గ్రేమ్ రెండో జేమ్స్ రాజు కొలువులో ఉన్నవాడు. 1688లో ఆ రాజు గద్దె పోగొట్టుకుని పారిపోయాక ఈయన లండన్ వదిలి ఇక్కడికి వచ్చి పడ్డాడు. రాజుగారి తోటలు చూసిన గియోమ్ బోమాన్ అనే ఫ్రెంచి తోట పనివాణ్ని పిలిపించాడు. బోమాన్ వర్సాయిలో పని నేర్చుకున్నవాడని చెబుతారు. 1694లో తోట వేయడం మొదలైంది. అప్పటి గీతల మీదే తోట ఇప్పటికీ ఉంది. ప్రపంచంలో బతికున్న బొమ్మ చెట్ల తోటల్లో ఇదే పాతదని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.

మిగతావన్నీ ఏమయ్యాయంటే, మోజు మారింది. 1713లోనే అలెగ్జాండర్ పోప్ అనే కవి ఒక పత్రికలో ఈ బొమ్మ చెట్లను ఉతికి ఆరేశాడు. ఎలాగనుకున్నారు? నర్సరీ వాడి అమ్మకాల పట్టీ రాసినట్టు రాశాడు. యూ చెట్టుతో చేసిన ఆదాము హవ్వలు అమ్మకానికి ఉన్నాయి, తుఫానులో చెట్టు పడి ఆదాము కాస్త దెబ్బతిన్నాడు అని. నా వృత్తి మీద పడిన దెబ్బే అయినా నవ్వాపుకోలేకపోయాను. మా షెడ్డు వెనక కాలు విరిగిన ఏనుగు ఒకటుంది, దాన్ని నేనూ ధర తగ్గించి అలాగే అమ్మజూశాను. తర్వాత పచ్చిక, చెరువు, అడవిలా కనబడే తోటల మోజొచ్చి, దేశమంతా కత్తిరించిన చెట్లను పీకి పారేశారు. లెవెన్స్ జోలికి ఎవరూ రాలేదు. వారసత్వం చేతులు మారుతూ యజమానులు చాలాకాలం ఇక్కడ కాపురం ఉండకపోవడం కలిసొచ్చింది. మా వైపు కూడా దొరగారు పట్నంలో ఉన్న తోటల్లోనే పాత మామిడి చెట్లు మిగిలాయి.

ఇక లోపలికి. వందకు పైగా బొమ్మలు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను.

ఏ ఒక్కటీ నిటారుగా లేదు. ఒక గొడుగు పక్కకు వాలింది. ఒక చదరంగం బంటుకు నడుము దగ్గర పొట్ట వచ్చింది. గుండ్రటి బంతి మీద చతురస్రం, దాని మీద టోపీ, టోపీ మీద పిట్ట. కొన్ని బంగారు రంగు యూ. వాటి కాళ్ల దగ్గర రంగురంగుల పూల మడులు. రెండంతస్తుల ఎత్తున ఒక పచ్చటి ముద్ద, దాని కింద మనుషులు నడిచిపోయేంత ఖాళీ. దాన్ని జడ్జిగారి విగ్గు అంటారు. నాకు అది తడిసి ఆరేసిన పరుపులా కనబడింది. ఎలిజబెత్ రాణీ ఆవిడ చెలికత్తెలూ ఉన్నారు, సింహం ఉంది, మొరాకో కూజా ఉంది, నెమళ్లున్నాయి. మా ఆవిడకు నెమళ్లు నచ్చాయి. నాకు నచ్చలేదు. నెమలి నెమలిలా ఉంటే ఇంక చూసేదేముంది? పేరు పెట్టడానికి వీల్లేకుండా ఉన్నవే నన్ను పట్టుకున్నాయి.

ఇవన్నీ బోమాన్ గీసిన బొమ్మలు కావు. ఆయన నాటినప్పుడు చిన్న చిన్న కోనులూ పిరమిడ్లూ, వరసలో సైనికుల్లా ఉండేవి. కొన్ని చెట్లు 19వ శతాబ్దంలో నాటినవి. మరి ఈ వంకర్లు ఎవరు చేశారు?

బల్ల మీద కూర్చుని లెక్కవేశాను. ఎంత మంచి చెయ్యయినా కత్తెర పోయినేటి గీత దగ్గర సరిగ్గా ఆగదు. కొంచెం పచ్చదనం మిగలకపోతే చెట్టు గోధుమరంగు తేలుతుంది. ఏటా పావంగుళం మిగిలిందనుకోండి. మూడొందల ఏళ్లకు డెబ్బై ఐదు అంగుళాలు. ఆరడుగుల పైన. ఒక్క వైపే. ఎండ తగిలే వైపు మరికాస్త, నీడ వైపు తక్కువ. ఒక ఏడు మంచు బరువుకు కొమ్మ విరుగుతుంది, ఆ గుంటను దాచడానికి పక్కన గుండ్రం చేస్తారు. ఆ గుండ్రమే వందేళ్లకు టోపీ అంచు అవుతుంది. విగ్గును ఎవరూ చేయలేదు. విగ్గు వచ్చింది.

పదకొండున్నరకు, అక్కడ సాయంత్రం నాలుగు, మా నర్సరీకి వీడియో కాల్ చేశాను. మా దగ్గర ముప్పై ఏళ్లుగా కత్తెర పట్టిన పెద్దాయన ఉన్నాడు. బొమ్మలన్నీ ఆయన చేతివే, నేను అమ్ముతానంతే. ఫోన్ తిప్పి తోటంతా చూపించాను. చాలాసేపు ఏమీ అనలేదు.

"ఆయ్, సూత్తన్నానండి. అదేటండి, ఆ నడిమిదానికి మెడ పక్కకి పోయింది? పోటు ఎట్టలేదాండి?"

"అది మూడొందల ఏళ్ల చెట్టయ్యా."

"మూడొందలా! కోసేవోడు?"

నేను చదివింది చెప్పాను. 1694 నుంచి ఇప్పటిదాకా ఇక్కడ పెద్ద తోటమాలిగా చేసినవాళ్లు సుమారు పదిమందేనట. సగటున ఒక్కొక్కరు ముప్పై ఏళ్లకు పైనే.

"అదండి మరి. సెయ్యి మారితే కోత మారిపోద్దండి. ఆ కింద బంతి ఒకడిదండి. ఆ పైన నున్నగున్నాది వేరేవోడిదండి. ఈడికి ఓపికెక్కువ."

ఫోన్ తెరలో అరచేతి మందాన కనబడ్డ చెట్టులో ఆయన ఇద్దరు మనుషుల్ని విడదీసి చూపించాడు. నేను రెండు గంటలుగా దాని చుట్టూ తిరుగుతున్నాను. తర్వాత అడిగాడు, "అక్కడ కూలెంతండి?" నాకు తెలీదన్నాను. తెలుసుకుని చెప్పమన్నాడు.

ఇక్కడా కోత మొదలైంది. ఒక వైపు యంత్రం చప్పుడు. సెప్టెంబర్ ప్రాంతంలో మొదలుపెడితే చలికాలంలోకి సాగుతుందట. లిఫ్ట్ తొట్టెలో ఉన్నతను తాడు కట్టడం లేదు, మట్టం పెట్టడం లేదు. కాసేపు కోసి, లిఫ్ట్ దించి, దూరం నడిచి వెళ్లి, తల పక్కకు వంచి చూసి, మళ్లీ ఎక్కుతున్నాడు. మా పెద్దాయనా అచ్చం అంతే. బీడీ వంక పెట్టుకుని దూరం పోతాడని నేను విసుక్కునేవాణ్ని.

తోట చివర లోతుగా కందకం తవ్వి, ఒక వైపు గోడ కట్టారు. తోటలోంచి చూస్తే పొలం వరకూ అడ్డు లేనట్టే ఉంటుంది గాని పశువులు ఇటు రాలేవు. హఠాత్తుగా చూసినవాడు 'హా! హా!' అంటాడని దాని పేరే హా-హా. ఇంగ్లండులో తొలినాళ్ల హా-హాల్లో ఇదొకటి. అవతల ఆవులు మేస్తున్నాయి. ఇవతల వందకు పైగా విషపు చెట్లు. ఆ గోడ ఎత్తు ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

ఐదింటికి గేటు మూసేస్తామని గంట కొట్టేదాకా ఉన్నాం. మా ఆవిడకు కాళ్లు వాచాయి. అబ్బాయి ఆఫీసు కాల్స్ అన్నీ కూజా పక్కనే నిలబడి మాట్లాడాడు.

ఆరో రోజు, బుధవారం

తిరుగు ప్రయాణం. దారి ఖాళీగా ఉంది. సోలిహల్ దగ్గర పడుతుంటే, చీకటి పడటానికి ఇంకా టైముంది కదా, ప్యాక్‌వుడ్ మీదుగా పోదామన్నాను. "మొన్నే చూశాంగా నాన్నా" అన్నాడు గాని తిప్పాడు.

శుక్రవారం మేం చూసిన చెట్టు ఇప్పుడు నున్నగా ఉంది. దాని పక్కది కూడా. ఆ పక్కదానికి సగం దాకా కోత పడింది, సగం ఇంకా లేత చిగుళ్లతో బూరుబూరుగా ఉంది. లిఫ్ట్ దాని పక్కనే ఆగి ఉంది, పనివాళ్లు వెళ్లిపోయారు. మధ్యలో వానొకటి, శని ఆదివారాలొకటి. రెండు చెట్లూ, ఇంకో సగం. మిగతావన్నీ ఎదురుచూస్తున్నాయి.

అక్కడ ఊడుస్తున్న కుర్రాణ్ని మా వాడి చేత కూలి సంగతి అడిగించాను. నవ్వి, తాను వాలంటీరునని, తనకు టీ మాత్రమే ఇస్తారని చెప్పాడు. రాత్రి పెద్దాయనకు ఫోన్ చేసి అదే చెప్పాను.

"టీయేనాండి? ఎన్నిసార్లిత్తారండి?" అన్నాడు.